నెట్ తెగిపోయే ఊళ్ల నుంచి లినక్స్ సర్వర్‌ను చూసుకోవడానికి ఏ సాధనాలు మేలు?

ప్రశ్న (కావలి)

అందరికీ నమస్కారం. మా చుట్టుపక్కల రొయ్యల రైతులకు రోజువారీ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ధరలు చూపే చిన్న వెబ్‌సైటును నడుపుతున్నాను. అది ముంబైలో అద్దెకు తీసుకున్న, 1 జీబీ మెమరీ గల ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సర్వర్ మీద ఉంది. ఇంతవరకు విండోస్ ల్యాప్‌టాప్‌లో పుట్టీ (దూరపు సర్వర్‌కు ఆదేశాలు పంపే ప్రోగ్రాము) తెరిచి, రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి పని చేసుకుంటూ, ఫైళ్లను ఎఫ్‌టీపీ ద్వారా పంపుతున్నాను. పోయిన వారం ప్యాకేజీలు అప్‌గ్రేడ్ చేస్తుండగా కరెంటు పోయి, దానితోపాటు రూటర్ ఆగి, కనెక్షన్ తెగిపోయింది. అప్‌గ్రేడ్ సగంలో నిలిచిపోవడంతో మరునాటి ఉదయం వరకు సైటు తెరుచుకోలేదు. పట్టుబడికి సిద్ధమై ధర కోసం ఫోన్ చేసిన రైతులకు ఏం చెప్పాలో తోచలేదు. చెరువు గట్టు మీద ఉన్నప్పుడు నా దగ్గర ఫోన్ తప్ప మరేదీ ఉండదు. వెబ్‌మిన్, కాక్‌పిట్, సీప్యానెల్ వంటి ప్యానెళ్లలో (బ్రౌజర్ నుంచి సర్వర్‌ను చూసుకునే సాధనాలలో) ఏది పెట్టుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు (ఒంగోలు)

ప్యానెల్ సంగతి తరువాత చూద్దామండి. మీ సైటు ఆగింది ప్యానెల్ లేనందువల్ల కాదు. ఎస్‌ఎస్‌హెచ్ (పుట్టీ సర్వర్‌తో మాట్లాడే సురక్షిత పద్ధతి) కనెక్షన్ తెగినప్పుడు, దానిలో నడుస్తున్న ప్రోగ్రాముకు హ్యాంగప్ (కనెక్షన్ తెగిందనే) సంకేతం అంది అది ఆగిపోవడం లినక్స్‌లో మామూలే. దీనికి మందు టీమక్స్. సర్వర్‌లోకి వెళ్లగానే టీమక్స్ తెరిచి, దాని లోపల అప్‌గ్రేడ్ మొదలుపెడితే, మీ ఇంట్లో కరెంటు పోయినా అక్కడ పని సాగుతూనే ఉంటుంది. గంట తరువాత వచ్చి అటాచ్ ఆదేశం ఇస్తే అదే తెర మళ్లీ మీ ముందుకు వస్తుంది. ఉబుంటును ఒక విడుదల నుంచి మరొక విడుదలకు మార్చే ప్రోగ్రాము సైతం, దూరం నుంచి నడుపుతున్నప్పుడు స్క్రీన్ అనే ఇటువంటి సాధనంలోనే నడుస్తుంది, పైగా 1022 పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌లోకి వచ్చే ద్వారపు సంఖ్య) మరొక ఎస్‌ఎస్‌హెచ్ ద్వారం తెరుస్తానంటుంది.

రూట్ పాస్‌వర్డ్‌తో వెళ్లడం మాత్రం ఈ రోజే మానండి. ఎస్‌ఎస్‌హెచ్‌కు వాడే 22వ పోర్టు తెరిచి ఉన్న ప్రతి సర్వర్ మీద పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు ప్రయత్నిస్తూనే ఉంటాయి. సుడో (అవసరమైనప్పుడు రూట్ పనులు చేసే) హక్కున్న మామూలు ఖాతా ఒకటి తెరిచి, పుట్టీతో వచ్చే పుట్టీజెన్‌తో కీ జత (పాస్‌వర్డ్‌కు బదులు వాడేవి: మీ దగ్గరే ఉండే రహస్య కీ, సర్వర్‌కు ఇచ్చే పబ్లిక్ కీ) తయారుచేసి, పబ్లిక్ కీని ఆ ఖాతాలో పెట్టండి. పాత కిటికీ మూయకుండానే రెండో కిటికీలో కీతో వెళ్లి చూసుకుని, అది పనిచేశాకే పాస్‌వర్డ్ ప్రవేశాన్ని, రూట్ ప్రవేశాన్ని ఆపండి. ఈ వరుస తప్పితే మీ ఇంటికి మీరే బయటి నుంచి తాళం వేసుకున్నట్టవుతుంది.

జవాబు (నెల్లూరు)

పై మాటతో ఏకీభవిస్తున్నాను. ప్యానెల్ కావాలనే అనుకుంటే, సీప్యానెల్‌కు లైసెన్సు రుసుము ఉంది, 1 జీబీ మెమరీకి అది భారం కూడా. వెబ్‌మిన్ 1997 నుంచి ఉన్న పనికొచ్చే సాధనమే. అయితే దాని 1.890 వెర్షన్‌లో ఎవరో దొంగ కోడ్ చొప్పించిన విషయం 2019లో బయటపడింది. దాన్ని సరిచేశారు, కానీ ప్యానెల్ పోర్టును లోకమంతటికీ తెరిచి ఉంచరాదనే భయం నాకు అప్పటి నుంచి పోలేదు. మీకు కాక్‌పిట్ సరిపోతుందని నా అభిప్రాయం. ఎవరైనా తెరిచినప్పుడే అది లేస్తుంది కనుక మిగతా సమయంలో మెమరీ తినదు. దాని 9090 పోర్టును ఫైర్‌వాల్ (పోర్టులను మూసి తెరిచే కాపలా)లో మూసి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ లోపలి దారి) ద్వారా మాత్రమే చూడండి.

జవాబు (కందుకూరు)

చెరువు గట్టు మీద సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి ఫోన్‌లో టెర్మక్స్ (ఆండ్రాయిడ్‌లో లినక్స్ ఆదేశాలు ఇచ్చే యాప్) పెట్టుకుని, దానిలో మోష్ (నెట్ తెగినా తట్టుకునే, ఎస్‌ఎస్‌హెచ్ వంటి ప్రోగ్రాము) వాడండి. ప్రవేశం ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానే జరిగినా, ఆపైన మాటలన్నీ యూడీపీ (నిలకడైన కనెక్షన్ అవసరం లేని పద్ధతి)లో సాగుతాయి. అందువల్ల వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా, సిగ్నల్ కాసేపు పోయినా సెషన్ నిలుస్తుంది. సర్వర్‌లోనూ మోష్ ఉండాలి, ఫైర్‌వాల్‌లో 60000 నుంచి 61000 వరకు ఉన్న యూడీపీ పోర్టులలో కొన్నింటిని తెరవాలి. మోష్‌లో వెనక్కి జరిపి పాత వరుసలు చూడటం కుదరదు, టన్నెల్ కూడా ఉండదు, కనుక దాన్ని టీమక్స్‌తో కలిపి వాడటమే మంచిది. ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపుతుంది. ఫైళ్లకు విన్‌ఎస్‌సీపీ (విండోస్‌లో ఫైళ్లు పంపే ప్రోగ్రాము)లో ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా పంపే పద్ధతి) ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు (కావలి)

అందరికీ కృతజ్ఞతలు. టీమక్స్, కీలతో ఈ రాత్రే మొదలుపెడతాను. ఫోన్ పోతే కీ మాటేమిటి?

జవాబు (ఒంగోలు)

ల్యాప్‌టాప్‌కు ఒకటి, ఫోన్‌కు ఒకటి వేర్వేరు కీలు చేసి, రెండింటికీ పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే రహస్య మాట) పెట్టండి. ఫోన్ పోయిన రోజున సర్వర్‌లోని అనుమతి పొందిన కీల ఫైలులో ఆ ఒక్క వరుస తీసేస్తే చాలు, ల్యాప్‌టాప్ కీ యథావిధిగా పనిచేస్తుంది.