"మగువలకు మగవారి కొక్కటె": ఒకేలా అనా, అదొక్కటే అనా?

బొబ్బిలి వీణ:
మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర పెద్ద వాదన అయింది. ఆడవాళ్లకి అన్యాయం జరుగుతోందని అందరూ అంటారు గానీ అది చెప్పుకునేంత ఉందా, మగవాళ్ల కష్టాలు ఎవరికైనా పడతాయా అని ఒకాయన మొదలుపెట్టి, చివరికి గురజాడని లాక్కొచ్చాడు. "మగువలకు మగవారి కొక్కటె" అని మహాకవే అన్నాడు, కష్టమైనా సుఖమైనా ఇద్దరికీ ఒకటే, ఇంకా గొడవెందుకు అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ పద్యం పూర్తిగా గుర్తు రాలేదు. తర్వాత "రాజమార్గము" అని వస్తుంది, ముందు "మాయ మర్మము లేని" ఏదో ఉంది. నాకు సరైన పాఠం కావాలి, ఆ "ఒక్కటె" సంగతీ తేలాలి. ఇద్దరికీ ఒకేలా ఉంటుందనా, ఇద్దరికీ ఉన్నది అదొక్కటే దారి అనా?

మాత్రల లెక్క:
గురజాడ "కాసులు" గేయంలోది.

మరులు ప్రేమని మది దలంచకు
మరులు మరలును వయసు తోడనె;
మాయ మర్మములేని నేస్తము
మగువలకు మగవారి కొక్కటె
బ్రతుకు సుకముకు రాజమార్గము.

కష్టం అన్న మాటే ఇక్కడ లేదు. మీ ఆఫీసాయన మధ్య పాదం ఒక్కటీ తుంచుకొచ్చారు. పైగా చాలామంది దీన్ని "కొక్కటే" అని దీర్ఘం తీసి ఉటంకిస్తారు, అది అసలు పొసగదు. ఇది ముత్యాలసరం అనే ఛందస్సు, దాని పాదం 3, 4, 3, 4 మాత్రల మీద నడుస్తుంది. మగువ, లకుమగ, వారి, కొక్కటె. సరిగ్గా పద్నాలుగు. "టే" అన్నారంటే పదిహేనై గతి కుంటుతుంది. హ్రస్వమైనా అది ఏవకారమే, అంటే నొక్కి చెప్పే "ఏ"నే కాబట్టి అర్థం "ఒక్కటి మాత్రమే". కపటం లేని స్నేహం ఒక్కటే ఆడవాళ్లకీ మగవాళ్లకీ సుఖానికి దారి. ఇందులో సందేహానికి చోటు లేదు.

పాత అచ్చు:
చోటు చాలానే ఉంది మాస్టారూ. మాత్రలు పాఠాన్ని తేలుస్తాయి, అర్థాన్ని తేల్చవు. "మాత్రమే" అని చెప్పాలనుకున్న కవి "ఒక్కటె"ని నేస్తం పక్కన పెడతాడు. ఈయన తీసుకెళ్లి మగవారి పక్కన పెట్టాడు. "నాకూ నీకూ ఒక్కటే" అని రోజూ అనుకుంటాం కదా, అందులో ఒక్కటే అంటే సమానం. మగువలకూ మగవారికీ సమానంగా, హెచ్చుతగ్గులు లేకుండా ఇదే దారి. 1910లో ఆ మాట అనడానికి గుండె కావాలి. మీరు దాన్ని ఉత్త "మాత్రమే" చేసేస్తే ఆ పాదంలో ఉన్న నిప్పు ఆరిపోతుంది.

ఇంకోటి, "సుకముకు" అని ఆయన రాసిన దాన్ని కొందరు "సుఖముకు" అని దిద్దుతున్నారు. దయచేసి దిద్దకండి. మాత్రల్లో తేడా రాదు గానీ ఆయన చెవి అది, విజయనగరం చెవి.

మాత్రల లెక్క:
నేస్తం పక్కన పెట్టడానికి పాదం అక్కడితో అయిపోయింది కదండీ! "నేస్తము" నాలుగు మాత్రలతో పాదం ముగిసింది. పద్యంలో అన్వయం మనం చేసుకోవాలి, వరస చూసి అర్థం చెప్పకూడదు.

తుంగభద్ర:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. సముచ్చయం, అంటే "ఇదీ అదీ" అని రెంటినీ కలిపే గుర్తు, ఏది? "మగువలకును మగవారికిని" అని రెండు "ను"లు ఉంటే మీరు చెప్పే రెండర్థాలూ సాఫీగా వస్తాయి. ఇక్కడ ఉన్నది "మగువలకు మగవారికి" మాత్రమే. కి మీద అచ్చు వచ్చినప్పుడు సంధి వైకల్పికం, చేసినా మానినా సరే, వ్యాకరణంలో ఏమ్యాదులనే పదాల జాబితాలో ఉందది, అక్కడ తగువు లేదు. నా ఊహ ఏంటంటే ఇది "మగువలకు మగవారికి మధ్య" అని. "మాకు వాళ్లకు స్నేహం" అంటాం చూడండి, అలాగ. ఆడదానికీ మగవాడికీ మధ్య మాయ లేని నేస్తం. అప్పుడు "ఒక్కటె" నేరుగా రాజమార్గం మీదికి పోతుంది. నేనైతే చాలా ఏళ్లుగా ఇలాగే చదువుకుంటున్నాను.

పాత అచ్చు:
"మధ్య" అన్నది మీరు బయటి నుంచి తెచ్చి పెట్టుకున్నది. ముత్యాలసరాల్లో "ను"లు వదిలేయడం కొత్తేం కాదు, వాడుక భాష లయ అది.

వంటింటి కిటికీ:
ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారో కూడా చూడండి. మొగుడు పెళ్లాంతో అంటున్నాడు. అదే గేయంలో

మగడు వేల్పన పాత మాటది
ప్రాణమిత్రుడ నీకు

అని ఉంది. "మిత్రుడ"లో ఆ "డ" చాలా ముఖ్యం. మిత్రుడను, నేను నీకు మిత్రుణ్ని అని ఆయనే చెప్పుకుంటున్నాడు. దేవుడి పీట మీంచి దిగుతున్నానని దేవుడే ప్రకటిస్తున్నాడన్నమాట. నాకు గురజాడంటే ప్రాణం, అందుకే అడుగుతున్నాను. ఆవిడ జవాబు ఏది? పాత అచ్చు గారన్నట్టు "సమానం" అనే అనుకుందాం. సమానమని ఒకరు ప్రకటిస్తే రెండోవాళ్లు వినడమేనా?

ఆఫీసాయన అడిగిన ప్రశ్నకి జవాబు నా దృష్టిలో ఆ "నేస్తము" దగ్గరే ఉంది. నేస్తం అంటే ఇద్దరి చేతుల్లోనూ కాస్త టైమూ కాస్త డబ్బూ ఉండాలి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం ఎవరి రోజు ఎలా గడుస్తోందని సర్వే చేసింది. రోజు మొత్తంలో ఇంటిపనిలో అసలు చెయ్యి పెట్టిన ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. ఆ చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97. మా ఇంట్లో అమ్మ విస్తరి వేసుకునేసరికి కూరలో ముక్కలైపోయి పులుసు మిగిలేది, చారు అడుక్కి వెళ్లి మిరియాలు తేలేవి, అందరూ తిన్నారా అని ఒకసారి చూసుకుని అప్పుడు కూర్చునేది. నాన్న చెడ్డవాడేం కాదు, అమ్మంటే ఎంతో ఇష్టం. కానీ ఆవిడ ఆఖర్న తినడం ఆయన కంట ఎప్పుడూ పడలేదు. ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. అన్యాయం మాత్రం ఉంది.

ఓరుగల్లు:
అక్కా, మీరు చెప్పింది నిజమే, కానీ ఆ ఆఫీసాయన మాటను నేను పూర్తిగా కొట్టెయ్యలేను. 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,64,033 మంది అయితే అందులో మగవాళ్లు 1,18,979. నేర గణాంకాల నివేదికలో ఉన్నయి ఇవి. మా దిక్కు పత్తి రైతుల ఇళ్లలో ఇది నేను దగ్గర నుంచి చూసిన. అప్పు వాడి పేరు మీద, పరువు వాడి నెత్తి మీద, ఏడవడానికి వీల్లేదు. "మగవారి కొక్కటె" అన్నప్పుడు ఆ మగవారు కూడా ఉన్నరు కదా. కవి ఇద్దర్నీ ఒక పాదంలో కూర్చోబెట్టిండు, మనం ఒకర్ని లేపి బయటికి పంపడం ఎందుకు?

వంటింటి కిటికీ:
లేపడం లేదు తమ్ముడూ. అదే నివేదికలో ఇంకో లెక్క చూడు. ఆ ఏడాది చనిపోయిన 45,026 మంది ఆడవాళ్లలో 23,178 మంది గృహిణులు. సగానికి పైనే. ఇక నువ్వు చెప్పిన ఇంట్లోనే, ఆయన పోయాక ఆవిడ సంగతి ఏమిటి? పట్టా ఆవిడ పేరు మీద ఉండదు, అప్పు మాత్రం ఆవిడ గుమ్మంలోకి వస్తుంది. సంపాదించాల్సింది మగాడే, ఏడవకూడనిదీ మగాడే అన్న కట్టుబాటు వాణ్ని చంపింది. అదే కట్టుబాటు ఆవిణ్ని వట్టి చేతులతో నిలబెట్టింది. రెండూ ఒకే చోట పుట్టినవి. కాబట్టి మగవాళ్ల కష్టం చూపించి ఆడవాళ్ల అన్యాయం అంత లేదని ఎలా అంటారు?

మాత్రల లెక్క:
చర్చ పాదం దాటి పోతోంది. "ఒక్కటె" దగ్గరికి రండి.

పాత అచ్చు:
పాదం దాటిందేమీ లేదు, ఇదే పాదం. గురజాడ ఈ లెక్కలు లేకుండా గాల్లోంచి రాయలేదు. కన్యాశుల్కం 1897 అచ్చుకి ఇంగ్లీషులో రాసిన పీఠిక చదవండి. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల జాబితా తీయించారు. 1034 తేలాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకి పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరం కుదిరేదని రాశాడాయన. ఇది రాసిన చేత్తోనే "కాసులు" అని గేయానికి పేరు పెట్టాడు. ఆ పేరు ఊరికే పెట్టాడనుకోను.

తుంగభద్ర:
పైకి రాకపోయినా చాలామంది మనసులో ఉండే మాట ఒకటుంది. అప్పుడు ఆడపిల్లకి డబ్బిచ్చి చేసుకున్నారు, ఇప్పుడు మగపిల్లాడికి కట్నమిచ్చి చేసుకుంటున్నారు. అంటే అప్పుడు ఆడపిల్లకి విలువ ఉన్నట్టే కదా, కాలాన్ని బట్టి త్రాసు అటూ ఇటూ ఊగిందంతే కదా అని. నేను ఒప్పుకోను గానీ వాదన అయితే ఉంది.

వంటింటి కిటికీ:
ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లింది? కన్యాశుల్కం నాటకంలో చిన్నపిల్ల సుబ్బిని చేసుకోవడానికి ముసలి లుబ్ధావధాన్లు ఇవ్వబోయింది 1800. అందులో సుబ్బికి ఒక్క కాసైనా ఉందా? తండ్రి అగ్నిహోత్రావధాన్లు మొలలోకే గదా. పిల్లని ముసలాడికి కట్టబెడుతున్నాడని తల్లి వెంకమ్మ నూతిలో దూకితే గానీ ఆ ఇంట్లో ఆవిడ మాటకి చప్పుడు రాలేదు. శుల్కమైనా కట్నమైనా డబ్బు చేతులు మారింది మగవాళ్ల మధ్యే. త్రాసు ఊగితే ఊగింది, ఆడది మాత్రం రెండుసార్లూ తూకం వేయించుకుంది, తూచే చెయ్యి ఎప్పుడూ ఆవిడది కాలేదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిందని అందరికీ తెలుసు. ఇప్పుడు "కానుకలు" అంటున్నాం.

ఓరుగల్లు:
ఆస్తి సంగతిల మాత్రం మనం ముందున్నం అక్కా. కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే ఇచ్చిండ్రు ఎన్టీఆర్ ఉన్నప్పుడు. దేశమంతటికీ 2005 దాకా రాలే.

వంటింటి కిటికీ:
ముందే ఉన్నాం, నిజం. అప్పటికే పెళ్లైపోయినవాళ్లకి ఆ 1985 చట్టం వర్తించలేదు, అది పక్కన పెడదాం. చట్టం ఉన్న తర్వాత కూడా పెళ్లైన కూతుర్ని పిలిచి, పసుపు కుంకుమల కింద ఏదో కాస్త చేతిలో పెట్టి, "అన్నదమ్ములతో గొడవలెందుకమ్మా" అని సంతకం తీసుకునే ఇళ్లు ఎన్ని లేవు? ఆవిడ సంతకం పెట్టేది కూడా పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయంతోనే. కాగితం మీద ఒక్కటే, గుమ్మంలో ఒక్కటి కాదు.

పాత అచ్చు:
అందుకే నాకు ఆ నాటకంలో వేశ్య మధురవాణి అంటే అంత గౌరవం. తన డబ్బు తన దగ్గర పెట్టుకున్న ఆడది ఆవిడ, అందరికంటే సూటిగా మాట్లాడేదీ ఆవిడే. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా గట్టి నమ్మకం. సుబ్బి అక్క బుచ్చమ్మని చూడండి, చెడ్డ మాట ఒకటి లేదు, చేతిలో పైసా లేదు, గిరీశం ఏం చెప్తే అది నమ్మింది.

తుంగభద్ర:
మధురవాణి దగ్గరికి వస్తే ఈ చర్చ తెల్లారేదాకా ఆగదు. నా ఓటు మాత్రం గురజాడ "దిద్దుబాటు" కథలో కమలినికి. తలుపు తలుపు అని అర్ధరాత్రి వచ్చిన మొగుడికి ఉత్తరం ఒక్కటి మిగిల్చి, తను మంచం కింద నవ్వుకుంటూ కూర్చుంది చూడండి. ఇందాక కిటికీ గారు ఆవిడ జవాబు ఏది అన్నారు. "కాసులు"లో దొరకని జవాబు అక్కడుంది. రెండూ 1910లోవే.

వంటింటి కిటికీ:
మంచం కిందే కదండీ ఉంది. ఎదురుగా కూర్చుని అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని. అయినా కమలిని చదువుకున్నది, ఉత్తరం రాయగలిగింది. అది చిన్న సంగతి కాదు.

బొబ్బిలి వీణ:
పాఠం దొరికింది, అందరికీ ధన్యవాదాలు. ఆఫీసులో అప్పుడే మొత్తం ఐదు పాదాలూ చదివాను. "కష్టసుఖాలు ఒకటే" అని లేదు, "కపటం లేని నేస్తం" అని ఉందని చెప్తే ఆయన "అయితే ఏంటి, ఒక్కటె అంటే సమానమేగా" అన్నాడు. పాత అచ్చు గారి అర్థం తీసుకుంటే ఆయనకి పట్టు దొరుకుతోంది, మాత్రల లెక్క గారి అర్థం తీసుకుంటే దొరకడం లేదు. అందుకే అడుగుతున్నాను, తేల్చండి.

పాత అచ్చు:
పట్టు దొరకదు. దారి ఇద్దరికీ సమానం అన్నాడు గానీ ఇద్దరూ ఆ దారి మీదే ఉన్నారని అనలేదు. అప్పటికి ఉన్నారనుకుంటే ఈ గేయం రాయాల్సిన పనేముంది? "పాత మాటది" అని మొగుడు చెప్పాల్సి వచ్చిందంటే ఆ పాత మాట ఇంకా ఇంట్లో తిరుగుతున్నట్టే కదా.

మాత్రల లెక్క:
ఇది బాగా చెప్పారు. కానీ "మాత్రమే" అన్న నా అర్థం నేను వదలను.

మా ఊళ్లలో నేస్తరికం అనే మాట ఉంది, ఇద్దరాడవాళ్లు నేస్తాలైతే అది చుట్టరికం కంటే గట్టిది, పెళ్లికీ చావుకీ పిలుపులుంటాయి. విజయనగరంలో బతికిన మనిషి "స్నేహము" అనకుండా "నేస్తము" అన్నప్పుడు అదీ మనసులో ఉండే ఉంటుందని నా అనుమానం. ఆడవాళ్ల మధ్య ఉన్న ఆ గట్టి బంధాన్ని తెచ్చి ఆలుమగల మధ్య పెట్టాడేమో.

తుంగభద్ర:
చూశారా, "మధ్య" అని మీరే అన్నారు!

మాత్రల లెక్క:
నేను అన్నది నేస్తం గురించి, విభక్తి గురించి కాదు.

ఓరుగల్లు:
ఒక చిన్న డౌటు. "మరులు మరలును వయసు తోడనె"లో మరలును అంటే వెనక్కి పోతాయనా, మళ్లీ వస్తాయనా? మా నాయన మళ్లీ వస్తాయనే చెప్పేవాడు.

పాత అచ్చు:
పోతాయనే. మరులంటే మోహం, వయసుతో పాటే పోతాయి.

తుంగభద్ర:
"తోడనె" అంటే "వెంటనే" అని కూడా ఉంది కదా, అంత తేలిగ్గా ఎలా చెప్పేస్తారు?