అప్‌డేట్: వినికిడి తక్కువగా ఉన్న మా పాప బడి విషయం

తిరుపతిలో రెండో తరగతి చదివే మా పాపను వెనక వరుసలో కూర్చోబెడుతున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో, అందరితో కలిపి చదువు చెప్పాలనే 16వ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ అర్జీ ఇచ్చాను. ప్రధానోపాధ్యాయురాలు భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయపడే ప్రభుత్వ కేంద్రం) టీచరును పిలిపించారు.

ఇప్పుడు పాప ముందు వరుసలో, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటోంది. వెలుగు టీచరు ముఖం మీద పడుతుంది, పెదాల కదలిక తెలుస్తుంది. బోర్డు మీద రాస్తూ మాట్లాడకుండా, ఆవిడ రాయడం పూర్తిచేసి ఇటు తిరిగి చెబుతున్నారు. ఎంత చిన్న మార్పు! పాప ఎక్కాలు గట్టిగా అప్పజెబుతోంది. మధ్యాహ్న భోజనంలో చిక్కీ పంచుకునే స్నేహితురాలూ దొరికింది.

వైకల్య ధ్రువపత్రం కోసం చేసే సదరం పరీక్షకు స్లాటు తీసుకున్నాం. ఆటల పీరియడులో మాత్రం ఇంకా పక్కన కూర్చోబెడుతున్నారు. నేను ఒప్పుకోను. ఈలతోపాటు చెయ్యి ఊపితే చాలు, సోమవారం వెళ్లి అదే అడుగుతాను.