‘పిలిపించుకున్నావంటే’ లేక ‘పిలిపించుకున్నారంటే’?

రావిచెట్టు: దక్షిణాఫ్రికా నాటకకర్త ఏథల్ ఫుగార్డ్ ఏకాంకిక ‘మాస్టర్ హెరాల్డ్ అండ్ ద బాయ్స్’కు చేతిరాత తెలుగు ప్రతి ఒకటి ఒకప్పుడు మా నాటక మిత్రుల మధ్య తిరిగింది. ఇప్పుడు అది దొరకడం లేదు. అందులో టీ గదిలో పనిచేసే నల్లజాతివాడు సామ్‌ను, యజమానురాలి కొడుకు హాలీ (అసలు పేరు హెరాల్డ్) ఇకపై తనను ‘మాస్టర్ హెరాల్డ్’ అని పిలవమంటాడు. అప్పుడు సామ్ చేసే హెచ్చరిక మాత్రం మనసులో ఉండిపోయింది: “ఒక్కసారి నా చేత అలా పిలిపించుకున్నావంటే, ఇక ఎప్పటికీ మరోలా పిలవను.” ‘పిలిపించుకున్నారంటే’ అని మా మిత్రుడు పట్టుబడుతున్నాడు. ఎవరి దగ్గరైనా ఆ ప్రతి ఉందా?

పాతబీరువా: ప్రతి లేదు. కానీ అక్కడ ‘వు’ తప్ప మరొకటి నిలవదు. సామ్ తోటి పనివాడు విల్లీ మొదటి నుంచీ ‘మాస్టర్ హాలీ’ అంటాడు, సామ్ ఒట్టి ‘హాలీ’ అంటాడు. నాటకమంతా ఆ తేడా మీదే నడుస్తుంది. సామ్ నోట ముందే ‘రు’ పెట్టేస్తే, చివర్లో అతను ‘మాస్టర్ హెరాల్డ్’ అన్నప్పుడు ప్రేక్షకుడికి దెబ్బ ఎలా తగులుతుంది?

ఏటిగట్టు: అంత తేలిగ్గా తేల్చకండి. కథాకాలం 1950, పోర్ట్ ఎలిజబెత్. టీ గది నడిపేది హాలీ తల్లి. సామ్‌కు నలభై అయిదేళ్ళుంటాయి, అక్కడ కొలువు చేసేవాడు. మన ఇళ్ళలో పిల్లవాణ్ణి ఎత్తుకుని పెంచిన పాలేరు కూడా, వాడికి మీసాలు వచ్చేసరికి ‘మీరు’లోకి మారేవాడు. పేరుతో పిలుస్తూనే క్రియలో ‘రు’ వాడటం మనకు కొత్త కాదు.

పాతబీరువా: ఆ మార్పు హాలీ అడిగి తెచ్చుకున్నది. మీరు దాన్ని ముందే ఇచ్చేస్తున్నారు.

మూడోగంట: ఈ చిక్కు ఇంగ్లిషులో కనిపించదు, అక్కడ అందరూ ‘యూ’. డచ్చి నుంచి పుట్టిన దక్షిణాఫ్రికా భాష ఆఫ్రికాన్స్ వైపు నుంచి చూడండి. ఆ భాషలో మనకు మల్లే రెండున్నాయి: చనువుకు ‘యెయ్’, మర్యాదకు ‘ఊ’. పైగా తెల్ల యజమానితో మాట్లాడే పనివాడు ఆ రెండూ మాని, ఎదుటే ఉన్న మనిషిని ‘బాస్ వస్తారా’ అన్నట్టు ప్రథమ పురుషలో అడిగేవాడు. మన ‘దొరవారు ఏమంటారు’ అచ్చంగా అదే. యజమాని కొడుకు ‘క్లైన్‌బాస్’, అంటే చినదొర. ఇన్ని మెట్లున్న భాషలోకి ఈ నాటకం వెళ్ళినా, శీర్షికలో ‘మాస్టర్ హెరాల్డ్’ చెక్కుచెదరలేదు, ‘బాయ్స్’ కూడా అలాగే ఉంది. నాకు అదే సరి అనిపిస్తుంది.

ఫుగార్డ్ తల్లి ఆఫ్రికానర్ (ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లజాతి), తండ్రిది ఇంగ్లిషు. చిన్నప్పుడు ఆయన్ని పిలిచిన పేరే హాలీ. ఈ పిలుపుల బరువు ఆయనకు ఇంట్లోనే తెలుసు.

ఏటిగట్టు: అయితే తెలుగులోనూ ‘మాస్టర్’ ఉంచేద్దామా? మనకు మాస్టారు అంటే బడిపంతులు. ‘హెరాల్డ్ దొర’ అనాలి.

తాటాకు: ‘దొర’ అంటే తెలంగాణలో గడీ కళ్ళ ముందుకొస్తుంది, కోస్తాలో తెల్ల కలెక్టరు. పదిహేడేళ్ళ బడిపిల్లవాడికి అది పెద్ద చొక్కా. ‘అయ్యగారు’ మేలు.

ఇక ‘వు’ సంగతి. తెలుగులో ‘నువ్వు’ను చిన్నచూపుగా తీసుకోకండి. మొసలి పట్టులో ఉన్న గజేంద్రుడు “నీవే తప్ప నితఃపరం బెఱుగ” అన్నాడు గానీ ‘మీరే తప్ప’ అనలేదు. పోతన చేతిలో ఆ ‘నీవే’కు ఉన్న దగ్గరితనం ఏ ‘మీరు’కు వస్తుంది? అదే పద్యంలో “రావే యీశ్వర, కావవే వరద” అని ఏకవచనంతోనే పిలిచి మరీ రప్పించాడు.

పాతబీరువా: పోతన కాలంలో రాజునూ ‘నీవు’ అనే అనేవారు. ఒక్కరిని ‘మీరు’ అనే గౌరవ వాడుక తర్వాత స్థిరపడింది. ఆ పద్యం ఈ వాదనకు సాక్ష్యం కాదు. నేనూ ‘వు’ పక్షమే, కానీ నా కారణం వేరు.

తాటాకు: వాడుక మారినా భక్తులు ఈనాటికీ దేవుణ్ణి ‘నువ్వు’ అంటున్నారు కదా. ఆ చనువే పోతన పద్యంలోనూ వినిపిస్తుంది.

మూడోగంట: గజేంద్రుణ్ణి కాసేపు మడుగులో ఉండనిద్దాం. ప్రదర్శనల తీరు చూసినా ఈ పిలుపు విలువ తెలుస్తుంది. 1982లో తొలిసారి ఆడింది అమెరికాలో, యేల్ రెపర్టరీ థియేటర్‌లో. అదే ఏడాది న్యూయార్క్ బ్రాడ్‌వేకి వెళ్ళింది, సామ్ వేషం వేసిన జేక్స్ మొకాయ్‌కి టోనీ నాటక పురస్కారం వచ్చింది. సొంత దేశంలో కొంతకాలం నిషేధం ఎదుర్కొని, 1983లో జొహానెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్ ఎక్కింది. అక్కడ సామ్ వేషం వేసింది జాన్ కాని అనే నటుడు. ‘బాస్’ అని పిలిచినవాళ్ళూ పిలిపించుకున్నవాళ్ళూ ఒకే హాల్లో కూర్చుని విన్నారు. మార్కెట్ థియేటర్ మొదటి నుంచీ అన్ని వర్ణాలవారినీ రానిచ్చింది.

హాలీ చేత ముఖం మీద ఉమ్మించుకున్న తర్వాత కూడా సామ్ చివర్లో తన శపథం తానే తెంచుకుని మళ్ళీ ‘హాలీ’ అంటాడు. ఆ వాక్యం ఏ క్రియతో ముగిస్తారు?

పాతబీరువా: ‘మళ్ళీ ప్రయత్నిద్దామా, హాలీ?’ ‘ద్దాం’లో ‘వు’ లేదు, ‘రు’ గొడవా లేదు. కలుపుకునే మాట. తెలుగు ఇచ్చిన వరం.

ఏటిగట్టు: అక్కడ ఒప్పుకుంటాను. హెచ్చరికలో మాత్రం నాది ‘రు’నే.

రావిచెట్టు: ప్రతి ఎవరి దగ్గరా లేదన్నమాట. ఇంకో సందేహం. విల్లీ సామ్‌ను ‘బుట్ సామ్’ అంటాడు, ఇంగ్లిషు మూలంలోనే ఉన్న ఆఫ్రికాన్స్ మాట; ‘బుట్’ అంటే సోదరుడు. మా ప్రతిలో ‘సామన్నా’ అని ఉన్నట్టు గుర్తు.

తాటాకు: ‘సామన్నా’ అయితే వెంటనే ‘నువ్వు’ వస్తుంది. ‘సామన్నగారూ’ అని ఉండాలి.

పాతబీరువా: అన్నకు ‘గారు’ ఎందుకండీ? ఇద్దరూ ఒకే వయసువాళ్ళు!