ఒకే బావికి మూడు విభాగాలు మూడు లెక్కలు: కొలత బాధ్యత ఎవరికి ఇవ్వాలి?

మా విశ్వవిద్యాలయంలో నీటి వనరుల పరిశోధన, బోధన సమన్వయం నేను చూస్తున్నాను. సివిల్, జియాలజీ, వ్యవసాయ విభాగాలు ఆవరణలోని 6 పరిశీలక బావుల్లో భూగర్భ జలమట్టం కొలుస్తాయి. అంకెలు కలవడం లేదు.

సివిల్ వాళ్లు కేసింగ్ (బావిలో దించిన గొట్టం) పైఅంచు నుంచి, జియాలజీ వాళ్లు నేలమట్టం నుంచి కొలుస్తున్నారని మొదట తేలింది. మూడో బావిలో కేసింగ్ నేలపైకి 62 సెం.మీ. ఉంది; ఆ బావి అంకెల్లో తేడా కూడా అంతే వచ్చింది. అంచు మీద రంపంతో గాటు పెట్టించి, అందరూ అక్కడి నుంచే కొలవాలన్నాను. అయినా వాతావరణం మారిన రోజుల్లో 10 సెం.మీ. దాకా తేడా. వ్యవసాయ విభాగం లాగర్ (నీటిలో ఉండి పీడనాన్ని బట్టి మట్టం నమోదు చేసే పరికరం) గాలి పీడనాన్నీ కలిపి చూపిస్తోంది మరి. పీడనం 1 మిల్లీబార్ మారితే దాదాపు 1 సెం.మీ. నీరు మారినట్టే. బారోమీటర్ రీడింగు తీసేస్తే అది సరిపోయింది.

మిగిలిన చిక్కు మనుషులతోనే. ఉమ్మడి షీటు, నెలనెలా సమావేశం రెండు నెలలు నడిచి సెలవుల్లో ఆగిపోయాయి. కొలిచేటప్పుడు పక్క బోరు నడుస్తోందో లేదో ఎవరూ రాయలేదు. వచ్చే సెమిస్టరు ఉమ్మడి కోర్సులో పిల్లలు ఈ అంకెలతోనే నేర్చుకోవాలి.

ఇలాంటి పని నడిపినవారు చెప్పండి: అన్ని బావులకూ ఒకే టెక్నీషియన్‌ను పెడితే ఏడాది పొడవునా నిలిచిందా, విభాగాలు వంతులవారీగా కొలిస్తే నిలిచిందా?