మైకేల్ స్కాట్ వెళ్లిపోయాక ‘ది ఆఫీస్’ ఆగిపోవాల్సిందా?

కాగితంపడవ (చర్చ మొదలుపెట్టినవారు)

తొమ్మిది సీజన్లూ మొదటి నుంచి మళ్లీ చూసి నిన్న రాత్రే ముగించాను. మనసులో ఉన్నది ఇక్కడ పెడుతున్నాను, గట్టిగా వాదించండి.

చూడనివారి కోసం నాలుగు మాటలు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్క్రాంటన్ ఊళ్లో డండర్ మిఫ్లిన్ అనే కాగితం కంపెనీ శాఖ. అక్కడి ఉద్యోగుల మీద ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టుగా కథ నడుస్తుంది. అమెరికా టీవీ ఛానెల్ ఎన్‌బీసీలో 2005 మార్చిలో మొదలై 2013 మేలో ముగిసింది, మొత్తం 201 ఎపిసోడ్లు. మేనేజరు మైకేల్ స్కాట్‌గా నటించిన స్టీవ్ కరెల్ ఏడో సీజన్‌లో, 2011 ఏప్రిల్ 28న వీడ్కోలు చెప్పాడు. ఆ తర్వాత ఇంకా రెండు సీజన్లు తీశారు. అక్కడితో ఆపేసి ఉండాల్సిందని అప్పట్నుంచీ సగం మంది ప్రేక్షకులు అంటూనే ఉన్నారు.

నేను ఆ సగంలో లేను. కరెల్ వెళ్లిపోవడం వల్ల ఆ సిరీస్ చెడలేదు. ఆ కుర్చీ ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదన్న ఆత్రం వల్ల చెడింది. లెక్కపెట్టండి: మైకేల్ ఇంకా సామాను సర్దుకోకముందే విల్ ఫెరెల్ చేసిన డియాంజెలో దిగాడు, నాలుగు ఎపిసోడ్లకే వెళ్లిపోయాడు. తర్వాత పేరున్న నటులు వరసగా వచ్చి ఇంటర్వ్యూలు ఇచ్చారు. జేమ్స్ స్పేడర్ చేసిన రాబర్ట్ కాలిఫోర్నియా వచ్చాడు, ఏకంగా పై పదవికి ఎక్కేశాడు. అక్కడి సేల్స్ ఉద్యోగి ఆండీ మేనేజరయ్యాడు. ఆండీ తను ప్రేమించిన ఎరిన్ కోసం ఫ్లోరిడా వెళ్లిన కాస్త సందులో నెల్లీ వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. మళ్లీ ఆండీ. చివరికి ఇంకో సేల్స్ ఉద్యోగి డ్వైట్. ఇంటిపెద్ద పోయిన ఇంట్లో పడక్కుర్చీ ఎవరిదన్న తగువే చూపిస్తూ పోతే, ఆ ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారో మనకు ఎప్పటికి తెలుస్తుంది?

రాత్రిడ్యూటీ

మీ వాదన బాగుంది కానీ ఒప్పుకోలేను. ఆగిపోవాల్సిందే.

విమానాశ్రయం దృశ్యం గుర్తు తెచ్చుకోండి. మైకేల్ తన చొక్కాకున్న మైకు తీసి కెమెరావాళ్ల చేతిలో పెట్టి లోపలికి నడుస్తాడు. తోటి ఉద్యోగి పామ్ పరుగెత్తుకుంటూ వచ్చి కౌగిలించుకుంటుంది. వాళ్లేం మాట్లాడుకున్నారో మనకు వినపడదు. ఏడేళ్లపాటు కెమెరా కోసం బతికిన మనిషి, కెమెరా అక్కర్లేని బతుకులోకి వెళ్లిపోయాడు. ఆ మైకుతో పాటే డాక్యుమెంటరీ కూడా పూర్తయిపోయింది. అంతకంటే నిండైన ముగింపు నేను ఏ హాస్య ధారావాహికలోనూ చూడలేదు.

దీనికి మూలమైన బ్రిటిష్ సిరీస్ చూడండి. రికీ జర్వైస్, స్టీఫెన్ మర్చంట్ కలిసి రాసినది, 2001లో బీబీసీలో మొదలైంది. రెండు సిరీస్‌లు, ఒక క్రిస్మస్ ప్రత్యేక కార్యక్రమం, అన్నీ కలిపి 14 ఎపిసోడ్లు. మేనేజరు ఉద్యోగం పోయింది, కథా దాదాపు అక్కడితోనే ముగిసింది. అతను లేని ఆఫీసును ఏళ్ల తరబడి చూపించాలన్న ఆలోచనే వాళ్లకు రాలేదు.

ఇంకొక మాట. మైకేల్‌కు అందరూ తనను ప్రేమించాలన్న ఆకలి ఉండేది. ఆ ఆకలిని భరించడమే మిగతావాళ్ల అసలు ఉద్యోగం. అతని పనికిమాలిన సమావేశాల్లో పక్కపక్కన కూర్చోబట్టే స్టాన్లీ, ఫిలిస్, ఆస్కార్ ఒక కుటుంబమయ్యారు. అతను లేకపోతే వాళ్లు ఎవరి బల్ల దగ్గర వాళ్లు పనిచేసుకుని ఇంటికి పోయే మనుషులు.

పాతటీవీ

ఇలాంటి మార్పు అమెరికా టీవీకి కొత్త కాదు. ‘మాష్’ కొరియా యుద్ధకాలంలోని సైనిక ఆసుపత్రి కథ. మూడో సీజన్ చివర, 1975లో, కమాండర్ హెన్రీ బ్లేక్ ఇంటికి ప్రయాణమై వెళ్తాడు. అతని విమానం కూలిపోయిందన్న వార్త ఆపరేషన్ గదిలో చదివి వినిపిస్తారు. ప్రేక్షకులు కోపంతో ఉత్తరాలు రాశారు. అయినా ఆ సిరీస్ 1983 దాకా నడిచింది. ‘చీర్స్’ ఒక బారు కథ. 1987లో షెల్లీ లాంగ్ వెళ్లిపోతే కర్స్టీ అల్లీ వచ్చింది, ఇంకో ఆరు సీజన్లు నడిచింది.

ఎందుకు నిలబడ్డాయి? వెళ్లినవాళ్లకు నకలు తేలేదు కాబట్టి. బ్లేక్ మెతక మనిషి, వైద్యుడే గానీ సైనికుడు కాదు. అతని చోటులోకి వచ్చిన కర్నల్ పాటర్ తలనెరిసిన అసలు సిసలు సైనికుడు. దాంతో పాత పాత్రలన్నీ కొత్తగా ప్రవర్తించాల్సి వచ్చింది.

‘ది ఆఫీస్’కు కూడా అలాంటి మనిషి దొరికాడు. జేమ్స్ స్పేడర్! మైకేల్‌ను చూసి ఎవరికీ భయం లేదు, రాబర్ట్ కాలిఫోర్నియాను చూస్తే అందరికీ భయం. ఎనిమిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో అతను ఉద్యోగులందరి పేర్లూ కాగితం మీద రెండు వరసలుగా రాస్తాడు, ఒక వరస గెలిచేవాళ్లు, రెండోది ఓడేవాళ్లు. ఆ కాగితం కంటబడ్డాక ఆఫీసంతా వణికిపోతుంది. ఆండీ వెళ్లి రెండో వరసవాళ్ల తరఫున మాట్లాడతాడు. నాకు ఆ ఎపిసోడ్ ఎంతో ఇష్టం. అదే దారిలో వెళ్లి ఉంటే ఈ చర్చ ఉండేదే కాదు. కానీ అతన్ని పెద్ద పదవిలో పెట్టి, కారణం లేకుండా రోజూ స్క్రాంటన్‌లో తిప్పారు. ఆండీని మాత్రం మైకేల్ అచ్చులో పోశారు.

రాత్రిడ్యూటీ

ఆండీ సంగతి ఎత్తారు కాబట్టి చెప్తాను, నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. మూడో సీజన్‌లో గోడకు ఒక్క గుద్దుతో కన్నం పెట్టిన కోపిష్టి. అక్కణ్నుంచి మెల్లగా మెత్తబడి, ఎరిన్‌ను ప్రేమించి, తోటివాళ్ల కోసం నిలబడే మనిషయ్యాడు. తొమ్మిదో సీజన్‌లో పడవెక్కి మూడు నెలలు మాయమయ్యాడు. ఆ నటుడికి సినిమా షూటింగు ఉంది, సరే, అర్థం చేసుకోగలను. కానీ తిరిగి వచ్చాక ఎరిన్ పట్ల అంత నిర్లక్ష్యంగా ఉండాలని ఏ షూటింగు చెప్పింది? అయిదేళ్లు ఓపిగ్గా పెంచిన పాత్రను ఒక్క ఏడాదిలో నరికేశారు. దీన్ని కుర్చీ మీద ఆత్రం అని సరిపెట్టుకోలేం.

గోదారిగట్టు

నేను 2011లో చదువు కోసం అమెరికా వెళ్లాను. గురువారం రాత్రుళ్లు మా గదిలో అందరం కలిసి చూసింది ఆ చివరి రెండు సీజన్లే, మైకేల్‌ను తర్వాత వెనక్కి వెళ్లి చూశాను. అందుకేనేమో, మీకు ‘మిగిలిపోయినవాళ్లు’గా కనిపించే జిమ్, పామ్, డ్వైట్ నాకు మొదటినుంచీ కథానాయకులు.

రాత్రిడ్యూటీ గారూ, మేనేజరు లేకపోతే ఎవరి బల్ల దగ్గర వాళ్లు పనిచేసుకుంటారని అన్నారు. నేను పనిచేసిన ఒక చోట మా పై అధికారి ఉన్నట్టుండి వెళ్లిపోయారు. చాలా నెలలు ఎవరినీ వేయలేదు. అప్పటిదాకా ఆయన గురించి గొణుక్కోవడమే మా స్నేహం. ఆయన వెళ్లాక మొదటి రెండు వారాలు మాటల్లేవు. తర్వాత ఒకావిడ తన కొడుకు చదువు గురించి దిగులు చెప్పుకుంది. ఇంకొకాయన ఇల్లు కట్టుకుంటూ పడుతున్న అప్పుల గురించి చెప్పాడు. మూడేళ్లు పక్కన కూర్చున్నవాళ్ల సంగతులు నాకు అప్పుడే తెలిశాయి.

తొమ్మిదో సీజన్‌లో సరిగ్గా అదే జరిగింది. మొదట్లో ఈ సిరీస్‌ను అమెరికాకు మలిచిన గ్రెగ్ డేనియల్స్ ఆఖరి సీజన్‌కు మళ్లీ పగ్గాలు పట్టుకున్నాడు. పామ్ భర్త జిమ్ ఫిలడెల్ఫియాలో కొత్త కంపెనీ పెడతాడు, పామ్ స్క్రాంటన్‌లో పిల్లలతో మిగిలిపోతుంది. ఫోనులో తగువు, ఫోను పెట్టేశాక పామ్ ఏడుపు. అప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారిగా, కెమెరా వెనకున్న సౌండ్ మనిషి బ్రయాన్ ముందుకు వచ్చి ఆమెను ఓదారుస్తాడు. దానికి చాలామంది మండిపడ్డారు, జిమ్, పామ్‌ల మధ్య మూడో మనిషిని తెస్తున్నారని. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. తొమ్మిదేళ్లు పక్కనే నిలబడి చూసిన మనిషికి ఆ బాధ పట్టకుండా ఉంటుందా?

ఇంకా ఆ టీపాట్ ఉత్తరం. రెండో సీజన్ క్రిస్మస్ విందులో పామ్‌కు ఇవ్వబోయే టీపాట్‌లో జిమ్ ఒక ఉత్తరం పెడతాడు, ఆఖరి క్షణంలో ధైర్యం చాలక తీసి జేబులో దాచుకుంటాడు. అది 2005 నాటి మాట. చివరి ఎపిసోడ్‌కు ముందు, 2013లో, ఆ ఉత్తరం ఆమె చేతికి ఇస్తాడు. కథను 2011లో ఆపేస్తే ఆ ఉత్తరం జేబులోనే ఉండిపోయేది.

కాగితంపడవ

మీ ఆఫీసు సంగతి చదివాక నా వాదన నాకే ఇంకా స్పష్టమైంది. నేను కోరుకున్నది సరిగ్గా ఆ ఖాళీ నెలలే.

చివరి రెండు సీజన్లు కలిపి 49 ఎపిసోడ్లు, అంటే మొత్తంలో దాదాపు పావు వంతు. నన్ను అడిగితే ఎనిమిదో సీజన్‌లో ఫ్లోరిడా దుకాణం గొడవంతా తీసేయాలి. నెల్లీని ఆ కుర్చీలో కూర్చోబెట్టకుండా ఉండాలి. పేర్ల జాబితా ఎపిసోడ్ ఉంచాలి, అక్కడ పాతటీవీ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. డ్వైట్‌ను ఏడాది ముందే మేనేజరును చేసి ఉండాల్సింది. మైకేల్ వెళ్తూ వెళ్తూ డ్వైట్‌కు రాసిచ్చిన సిఫారసు లేఖ గుర్తుందా? అది చదువుతుంటే అతని ముఖంలో మొదటిసారి గర్వం కాకుండా కృతజ్ఞత కనిపిస్తుంది. ఆ లేఖ చదివిన మనిషిని ఇంకో రెండేళ్లు గుమ్మంలో నిలబెట్టారు.

ఆండీ విషయంలో రాత్రిడ్యూటీ గారి కోపానికి నా దగ్గర జవాబు లేదు. అది అన్యాయమే.

పాతటీవీ

కరెల్ తనంతట తాను విసుగొచ్చి వెళ్లాడని చాలామంది అనుకుంటారు. ఛానెల్ నుంచి కొత్త ఒప్పందం ప్రతిపాదనే రాలేదని అతనితో పనిచేసినవాళ్లు కొందరు తర్వాత చెప్పారు. అది తెలిశాక, మిగిలిన రచయితలూ నటులూ ఎంత హడావిడిగా దారి వెతుక్కున్నారో అర్థమై నా కోపం కొంత తగ్గింది.

రాత్రిడ్యూటీ

నేను ఇప్పటికీ విమానాశ్రయం దగ్గరే ఆగిపోతాను. కానీ గోదారిగట్టు గారూ, ఆ ఉత్తరం విషయంలో నన్ను కదిలించారు. 2011 తర్వాతి ఎపిసోడ్లను ఒక్కసారి చూసి వదిలేశాను, ఆ దృశ్యం సరిగ్గా గుర్తులేదు. చివరి ఎపిసోడ్‌లో డ్వైట్ పెళ్లికి మైకేల్ రావడం, రెండు మూడు మాటలే మాట్లాడటం మాత్రం గుర్తుంది. ఆ రెండు మాటలకు ఏడ్చాను. ఈ ఆదివారం తొమ్మిదో సీజన్ మొదటి నుంచి చూస్తాను. ఆండీ పడవెక్కే చోట మళ్లీ కోపం వస్తే ఇక్కడికే వచ్చి రాస్తాను.