చికిత్స ముగించుకుని వచ్చిన అబ్బాయి గదిని వెతకడం మానేయాలా?

ప్రశ్న (ఒక తల్లి)

మా అబ్బాయికి 17 ఏళ్లు. రెండేళ్లుగా గంజాయి తాగుతున్నాడని, చివరి అయిదారు నెలల్లో నిద్రమాత్రలు కూడా అలవాటయ్యాయని మాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైపోయింది. డీ-అడిక్షన్ కేంద్రంలో ఆరు వారాలు ఉండి, ఇంటికి వచ్చి ఈ రోజుకు 22 రోజులు. వారానికి ఒకసారి కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాడు, ఇప్పటివరకు ఒక్కసారి కూడా మానలేదు. వాడి వైపు నుంచి లోపం ఉందని నేను చెప్పలేను. ఇబ్బందంతా నాతోనే వస్తోంది.

వాడు స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి చప్పుళ్లు వింటున్నాను. నిద్రపోయాక ఫోన్ చూస్తున్నాను, జేబులు తడుముతున్నాను. మొన్న రాత్రి వాడి పుస్తకాల సంచి నేలమీద బోర్లించి, ఒక్కొక్క నోటు పుస్తకం విదిలించి చూస్తుండగా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. ఏమీ అనకుండా వచ్చి నా పక్కన కూర్చుని, పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది, సంచిలో పెట్టి, ఆ సంచి నా చేతికే ఇచ్చి, "ఇంకేమైనా చూడాలా అమ్మా?" అని అడిగాడు. వాడు అరిచి ఉంటే నాకు ఇంత బాధగా ఉండేది కాదు. అప్పటి నుంచి గది దాటి బయటికి రావడం తగ్గించాడు. రాత్రి మూడు వరకు మేలుకునే ఉంటున్నాడు.

మా వారు ఆ ఊసే ఇంట్లో ఎత్తకూడదని, మరిచిపోయినట్టు ఉంటేనే వాడు మామూలు మనిషి అవుతాడని అంటారు. మా చెల్లెలు నెలకు రెండుసార్లు ఇంట్లోనే యూరిన్ టెస్ట్ చేయమంటోంది. 13 ఏళ్ల మా అమ్మాయి అసలు ఎవరితోనూ ఏమీ మాట్లాడటం లేదు. వచ్చే నెలలో వాడు మళ్లీ కాలేజీకి వెళ్లాలి. వెతకడం మానేస్తే ఏదైనా తప్పిపోతుందేమోనని భయం, మానకపోతే వాణ్ణి నేనే పోగొట్టుకుంటానేమోనని భయం. ఈ దారిలో నడిచినవారు చెప్పగలరా?

సమాధానం 1 (కౌమారవయసు పిల్లలతో పనిచేసే కౌన్సెలర్)

అమ్మా, ముందుగా నిద్ర సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేసినా నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. గంజాయి మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలై, మొదటి వారంలో బాగా పెరిగి, సాధారణంగా రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతాయి. నిద్ర ఇబ్బంది మాత్రం కొందరిలో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. నిద్రమాత్రలు కూడా వాడి మానినవారిలో అది మరింత సాగవచ్చు. అయితే మీ అబ్బాయి మత్తు పదార్థానికి దూరమై దాదాపు తొమ్మిది వారాలైంది కాబట్టి, ఇంకా రాత్రి మూడింటి దాకా మేలుకుని, గదిలోంచి రాకుండా ఉంటే, దాన్ని "అలవాటు పోయిన ప్రభావమే" అని వదిలేయకుండా సైకియాట్రిస్టుకు తప్పకుండా చూపించాలి. మానసిక రుగ్మతల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే, సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎంతోమంది పిల్లలు మత్తు జోలికి వెళ్లేది సరదా కోసం కాదు, పేరు పెట్టలేని దిగులునో ఆందోళననో ఆ పూటకు అణచుకోవడం కోసం. మత్తు తీసేశాక ఆ దిగులు అక్కడే ఉంటుంది, పైగా ఇప్పుడు దాన్ని కప్పే దుప్పటి కూడా లేదు. అందుకే రెండింటికీ ఒకేసారి, వీలైతే ఒకే బృందం చేత చికిత్స జరగాలి. "ముందు ఇది మానేస్తే తరువాత అది చూద్దాం" అన్న పద్ధతిలో పిల్లలు మధ్యలో జారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అదే సందర్భంలో మరొకటి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని వాణ్ణి సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు కానీ, అలా జరగదని పరిశోధనలు స్పష్టం చేశాయి. అడిగించుకున్న పిల్లలకు చాలాసార్లు ఊరటే కలుగుతుంది. "వస్తోంది" అంటే ఆ రోజే డాక్టరును కలవండి, అప్పటిదాకా వాణ్ణి ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, పెద్దవాళ్లు వాడుకునేవి కూడా, తాళం వేసిన అలమరలో పెట్టండి. ఇది అనుమానం కిందికి రాదు, దాచకుండా వాడికి చెప్పే చేయవచ్చు.

ఇక వెతకడం గురించి. భద్రత కోసం గది చూడవలసిన సందర్భాలు ఉంటాయి, ఉండవని నేను అనను. కానీ రహస్యంగా చూడటానికీ, ముందే మాట్లాడుకుని, ఏ పరిస్థితిలో చూస్తారో వాడికి తెలిసి చూడటానికీ చాలా తేడా ఉంది. మొదటిది మీకు ఒక పూట నెమ్మది ఇస్తుంది, వాడికి ఇంకా బాగా దాచడం నేర్పుతుంది. మీరు, మీ వారు, అబ్బాయి, వాడి కౌన్సెలర్ నలుగురూ కూర్చుని ఒక ఒప్పందం రాసుకోండి. దానిలో వాడు అడిగేవి కూడా ఉండాలి.

యూరిన్ టెస్ట్ విషయంలో మీ చెల్లెలి ఆత్రం అర్థమైంది కానీ, ఇంట్లో మీరే చేయవద్దనే నా సలహా. ఎక్కువ కాలం గంజాయి వాడినవారిలో మానేసిన నెల తరువాత కూడా పరీక్షలో కనిపించవచ్చు. కొన్ని దగ్గు మందులు ఇంకేదో మత్తుమందు తీసుకున్నట్టు తప్పు ఫలితం చూపుతాయి. మరోవైపు, సాధారణ కిట్లలో దొరకని పదార్థాలు ఎన్నో ఉన్నాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా తల్లిదండ్రులు ఇంట్లో సొంతంగా ఈ పరీక్షలు చేయడాన్ని ప్రోత్సహించదు. అవసరమైతే చికిత్స చేసేవాళ్లే చేయాలి, ఫలితాన్ని వాళ్లే చదవాలి. తల్లి చేతిలో ఆ కిట్ ఉన్న ఇంట్లో ఆవిడ మళ్లీ తల్లి కావడానికి చాలా కాలం పడుతుంది.

మీ వారికి ఒక మాట చెప్పండి. మరిచిపోయినట్టు నటించడం వల్ల వాడికి తెలిసేది ఒక్కటే, ఈ ఇంట్లో ఆ విషయం మాట్లాడకూడదని. మళ్లీ కోరిక పుట్టిన రోజున వాడు ఎవరికి చెప్పాలి? చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో మళ్లీ వాడతారన్నది తరచూ చెప్పే లెక్క. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టే తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది. తీసుకున్న నిర్ణయం మీద నిలబడటానికి తోడ్పడే ముందరి మెదడు 20ల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది కనుక, 17 ఏళ్ల పిల్లవాడి పట్టుదల మీదే భారమంతా వేయలేం. మళ్లీ వాడటం జరిగితే ఏం చేయాలో జరగకముందే మాట్లాడుకోవాలి. అందులో ప్రాణానికి సంబంధించిన భాగం ఒకటుంది. కొన్నాళ్లు మానేశాక శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. ముఖ్యంగా నిద్రమాత్రలు, వాటితో పాటు మద్యం తీసుకుంటే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. పిలిచినా తట్టినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, పెదవులు నీలంగా మారినా "నిద్రపోనీ, తగ్గుతుంది" అని వదలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే అంబులెన్సును పిలవాలి. ఈ సంగతి మీ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

సమాధానం 2 (అయిదేళ్లుగా మత్తుకు దూరంగా ఉన్న యువకుడు, వయసు 24)

అమ్మా, మీ అబ్బాయి సంచి సర్ది మీ చేతికి ఇచ్చాడని చదివి చాలాసేపు ఆగిపోయాను. వాడు మిమ్మల్ని అవమానించాలని అలా చేసి ఉండడు. "నాకూ ఇది కావాలి, నన్ను నమ్మడం మీకు చేతకావడం లేదని నాకు తెలుసు" అని చెప్పడానికి ఆ వయసులో మాటలు దొరకవు.

నేను చికిత్స నుంచి వచ్చిన నాలుగో నెలలో మళ్లీ తీసుకున్నాను. 11 రోజుల పాటు ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి తీసుకున్నది చాలా కొంచెం, ఆ రాత్రే చెప్పి ఉంటే అక్కడితో ఆగేది. చెప్పలేకపోవడానికి కారణం, "ఇంకొక్కసారి జరిగితే ఈ ఇంట్లో చోటు లేదు" అని నేను వచ్చిన రోజున మా ఇంట్లో ఒకరు అన్న మాట. కోపంలో అన్నదే, వాళ్లు ఆ సాయంత్రానికే మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. పన్నెండో రోజున మా నాన్నకు తెలిసింది. ఆయన నా మంచం చివర కూర్చుని, చాలాసేపు తన చేతులకేసి చూసుకుని, "ఇప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేద్దాం?" అని అడిగారు. "చేద్దాం" అన్నారు, "చెయ్యి" అనలేదు. ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది.

ఇంకో విషయం, పెద్దవాళ్లు దీన్ని పట్టించుకోరు. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు ఉండే సమయం చాలా కష్టం. నా పాత స్నేహితులను కలిసే వేళ అదే. వాళ్ల నంబర్లు తీసేశాక నాకు మిగిలింది ఖాళీ గది. ఆ మూడు గంటలను ఏదో ఒక పనితో, ఎవరో ఒక మనిషితో నింపడానికి సాయం చేయండి, కానీ ఏం చేయాలో మీరే నిర్ణయించకండి. నాకు పాత సైకిల్ విప్పి బిగించడం నచ్చింది. అది మత్తుకు మందు అని నేను అనను, ఆ సమయంలో నా చేతులకు పని ఉండేది, అంతే.

సమాధానం 3 (ఒక తండ్రి)

మా అమ్మాయి 15వ ఏట మద్యానికి అలవాటు పడింది, ఇప్పుడు 19 నడుస్తోంది. రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. కౌన్సెలర్ గారు చెప్పినవాటిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తాను. పరీక్షల విషయంలో మాత్రం మా అనుభవం కొంచెం వేరుగా ఉంది. క్లినిక్‌లో పరీక్ష చేయమని మా అమ్మాయే కోరింది, ఎందుకంటే "లేదు" అని నోటితో చెబితే తను నమ్మించలేనని, కాగితం చూపిస్తే వాదన ఉండదని అంది. అంటే పరీక్ష మంచిదా చెడ్డదా అన్నదానికంటే, అడిగింది ఎవరు, ఫలితం తరువాత ఏం జరుగుతుంది అన్నవి మా ఇంట్లో ముఖ్యమయ్యాయి.

నేను రాయాలనుకున్నది మీ 13 ఏళ్ల అమ్మాయి గురించి. మా చిన్నవాడికి అప్పుడు పదేళ్లు. అల్లరి లేదు, అడగడం లేదు, మార్కులు బాగున్నాయి. వీడైనా నిమ్మళంగా ఉన్నాడని మేము ఊపిరి పీల్చుకున్నాం. ఒక రాత్రి దుప్పటి సరిచేయబోయి చూస్తే బడి బూట్లు వేసుకునే పడుకుని ఉన్నాడు. లేసులు కూడా గట్టిగా కట్టి ఉన్నాయి. లేపి అడిగితే, అక్కను మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తే తన వల్ల ఆలస్యం కాకూడదని రోజూ అలాగే పడుకుంటున్నానని చెప్పాడు. ఎన్ని రోజుల నుంచో వాడికే గుర్తులేదు. ఆ తరువాత వాణ్ణి కూడా కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. వారంలో ఒక సాయంత్రం పూర్తిగా వాడిది, ఆ సమయంలో అక్క ఊసు రాకూడదని నియమం పెట్టుకున్నాం. మీ అమ్మాయికి జరిగినదేమిటో ఆమె వయసుకు తగినట్టు చెప్పండి. అది తన తప్పు కాదని, అన్నను కనిపెట్టుకుని ఉండటం తన పని కాదని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోయినా తెలుసులే అనుకోకండి.

మీ కోసం కూడా ఒక మాట. తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే పద్ధతులు ఉన్నాయి. రాబర్ట్ మెయర్స్ రూపొందించిన "క్రాఫ్ట్" అన్న విధానంలో నేను కొన్నాళ్లు నేర్చుకున్నాను. బతిమాలడం, బెదిరించడం రెండూ మాని, పిల్ల మత్తు లేకుండా ఉన్న వేళల్లో దగ్గరగా ఉండటం, మత్తులో ఉన్నప్పుడు వాదనకు దిగకుండా పక్కకు తప్పుకోవడం, దాని పర్యవసానాలను మనం కప్పిపుచ్చకపోవడం అందులో ప్రధానం. వినడానికి తేలికే, మా అమ్మాయి అబద్ధం చెబుతోందని తెలిసిన రాత్రి నోరు మూసుకుని గదిలోకి వెళ్లిపోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

సమాధానం 4 (అధ్యాపకురాలు)

కాలేజీ సంగతి ఒక్కటే చెబుతాను. అందరికీ చెప్పనవసరం లేదు, ఎవరికీ చెప్పకుండా ఉండటమూ మంచిది కాదు. అబ్బాయి తనకు నచ్చిన ఒక్క అధ్యాపకుణ్ణి లేదా అధ్యాపకురాలిని ఎంచుకుంటే, ఆ ఒక్కరికి ఎంతవరకు చెప్పాలో కూడా వాడే నిర్ణయించుకుంటే చాలు. తరగతిలో కూర్చోలేని క్షణంలో కారణం చెప్పకుండా లేచి వెళ్లగలిగే ఒక గది, ఒక మనిషి ఉండాలి. తప్పిపోయిన పాఠాలన్నీ మొదటి నెలలోనే పూర్తి చేయించాలని చూడకండి. తోటి విద్యార్థులు "ఇన్నాళ్లు ఎక్కడికెళ్లావు?" అని మొదటి రోజే అడుగుతారు కాబట్టి, అబద్ధం కాని ఒక చిన్న జవాబు ఇంట్లోనే అనుకుని వెళ్తే వాడికి గొంతు తడబడదు. "ఒంట్లో బాగాలేదు, చికిత్స తీసుకున్నాను" అన్నది పూర్తిగా నిజమే.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ నమస్కారం. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. నిన్న వాడి గది తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగాను. రమ్మన్నాడు. రహస్యంగా వెతికినందుకు క్షమాపణ చెప్పాను, మళ్లీ వెతకవలసి వస్తే నీకు చెప్పే వెతుకుతానని అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "తలుపు తట్టడం రాసుకుందాం, ముందు అది" అన్నాడు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడగడానికి నా నోరు చాలాసేపు పెగల్లేదు. అడిగాను. కేంద్రానికి వెళ్లక ముందు వచ్చేదని, ఇప్పుడు అలా లేదని, కానీ రాత్రిళ్లు ఛాతీ మీద ఏదో పెట్టినట్టు ఉంటుందని చెప్పాడు. ఎల్లుండికి డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది, వాళ్ల నాన్న కూడా వస్తానన్నారు. డాక్టరుతో ఏయే విషయాలు చెప్పాలి?

కౌన్సెలర్

వాడిన నిద్రమాత్ర పేరు, రోజుకు ఎన్ని వేసుకునేవాడు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడు అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. గడిచిన వారం రోజులుగా వాడు ఏ వేళకు పడుకుని ఏ వేళకు లేచాడో కూడా రాయండి. ఛాతీ మీద బరువు సంగతి, మునుపు వచ్చిన ఆలోచనల సంగతి వాడినే చెప్పనివ్వండి, వాడు మధ్యలో ఆగిపోయినా మీరు అందుకోకండి. సందర్శనలో కొంత సమయం వాడు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడేలా మీరు లేచి బయట కూర్చోండి. మందుల అలమరకు తాళం మాత్రం ఎల్లుండి దాకా ఆగకుండా ఈ రాత్రే వేయండి.