యోకొహామా బొమ్మలు సాక్ష్యమా, సరుకా?

పాతకాగితం: 1859లో జపాన్‌లోని యోకొహామా రేవు విదేశీ వ్యాపారులకు తెరుచుకుంది. ఆ వెంటనే ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, గుట్టలుగా అచ్చయిన చెక్క అచ్చు బొమ్మల్ని ఇప్పుడు చరిత్రకు సాక్ష్యాలంటూ చూపిస్తున్నారు. నేను ఒప్పుకోను. యోషితోరా అనే చిత్రకారుడు లండన్‌ను గీశాడు, చూసి మాత్రం కాదు. దేశం దాటకూడదన్న నిషేధం 1866 దాకా ఉంది. విదేశీ సచిత్ర పత్రికలు దగ్గర పెట్టుకుని గీసిన బొమ్మలవి!

కుంచెగీత: అందరినీ ఒకే గాటన కట్టకండి. సదాహిదే అనే చిత్రకారుడు యోకొహామా వెళ్లి చూశాడు. 1861లో వచ్చిన ఆయన అయిదు కాగితాల బొమ్మ చూడండి. అయిదు దేశాల ఓడలు, వాటిలోకి సరుకెక్కించే కూలీలు. తెరచాపల తాళ్ల దాకా గీశాడు. ఊహతో అంత ఓపిక రాదు.

రైలుపిచ్చి: చూసినవాళ్లు చూసిందే గీస్తారని ఏముంది? టోక్యో, యోకొహామాల మధ్య 1872లో నడిచినవి బ్రిటిష్ ఇంజన్లు. 1879లో చిత్రకారుడు కియోచికా గీసిన తకనావా (టోక్యోలో ఓ పేట) రైలుకేమో అమెరికా ఇంజన్ పోలికలు. ఆయన ఉన్నది టోక్యోలోనే. కావలిస్తే వెళ్లి చూసి రావచ్చు. చీకట్లో నిప్పులు కక్కే ఇంజనే ఆయనకు కావాలి, ఏ దేశానిదైతేనేం. (ఆ బొమ్మంటే నాకు పిచ్చి, అది వేరే సంగతి.)

పాతకాగితం: నేను చెప్పేదీ అదే కదండీ! పైగా యోకొహామా బొమ్మల్లో అందరూ నవ్వుతూ షికార్లు కొడుతుంటారు. 1862లో ఆ ఊరికి దగ్గర్లోనే, నమముగిలో, రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ వర్తకుణ్ణి సత్సుమా సంస్థానపు సమురాయ్ యోధులు నరికేశారు. ఆ పగ ఈ బొమ్మల్లో ఎక్కడుంది?

కుంచెగీత: ఉండనిస్తారా? ప్రతి బొమ్మా ప్రభుత్వ తనిఖీ దాటి, ముద్ర వేయించుకున్నాకే అంగడికి రావాలి. ఆ ముద్రల్లో ఏడాది, నెల కూడా ఉంటాయి. చాలా మటుకు 1860, 61లవే. ఆ మోజు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు చల్లారిందో వాటిని బట్టే తెలుస్తోంది. కుట్టుమిషను దగ్గర కూర్చున్న విదేశీ స్త్రీ బొమ్మను ఎడో జనం ఎగబడి కొన్నారంటే, అది లండన్ చరిత్ర కాకపోవచ్చు. ఎడో చరిత్ర కాకుండా పోతుందా?

పాతకాగితం: అలాగైతే బొమ్మ కింద "1862 నాటి లండన్" అని రాయడం మానేసి, "లండన్ ఇదీ అని ఎడోలో అమ్మిన బొమ్మ" అని రాయమనండి. ఇక నాకు పేచీ లేదు.

కుంచెగీత: అలాగే రాద్దాం. సదాహిదే బొమ్మల కింద మాత్రం రాయనివ్వను.